సగం చేస్తే సరిపోదు, జతలో ఒకటి రావాలి

అండం, శుక్రకణం వంటి బీజకణాలు తయారయ్యేటప్పుడు క్షయకరణ విభజన (మియోసిస్) ఎందుకు జరుగుతుందని అడగండి. హైస్కూలు పిల్లల దగ్గర్నుంచి డిగ్రీ విద్యార్థుల దాకా ఒకటే జవాబు చెబుతారు: "క్రోమోజోముల సంఖ్య సగం కావడానికి. అండంలో 23, శుక్రకణంలో 23, రెండూ కలిస్తే 46." పరీక్షలో ఈ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. లెక్కలో తప్పేమీ లేదు. కానీ కణం చేస్తున్న అసలు పని ఈ జవాబులో ఎక్కడా కనిపించదు. సంఖ్య సగం కావడం ఆ పనికి ఫలితం మాత్రమే. పనేమిటో చెప్పకుండా ఫలితాన్ని బట్టీ పట్టించడం వల్ల, జీవశాస్త్రంలోని అత్యంత సున్నితమైన యంత్రాంగాల్లో ఒకటి కాస్తా రెండుతో భాగించే లెక్కగా మిగిలిపోతోంది.

ముందు ఆ లెక్కకు దక్కాల్సిన గౌరవం ఇద్దాం. బీజకణాల్లో కూడా 46 క్రోమోజోములే ఉంటే పిల్లల్లో 92, మనవల్లో 184 అవుతాయి. అలా పదో తరానికి 47,104. ఒక మానవ కణంలో ఉన్న డీఎన్ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు వస్తుంది. పదో తరం కణంలో అది 2 కిలోమీటర్లు దాటిపోతుంది. ఏ కణమూ ఆ బరువు మోయలేదు. అందుకే బీజకణాలు తయారయ్యేటప్పుడు ఎక్కడో ఒకచోట తగ్గింపు జరిగి తీరాలని జర్మన్ జీవశాస్త్రవేత్త ఆగస్ట్ వైస్మన్ 1880ల్లోనే వాదించాడు. 1883లో బెల్జియం శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాన్ బెనెడెన్, గుర్రాల పేగుల్లో ఉండే ఏలికపాము గుడ్లను సూక్ష్మదర్శినిలో చూసి, ఫలదీకరణలో తల్లి వైపు నుంచి రెండు, తండ్రి వైపు నుంచి రెండు క్రోమోజోములు వస్తున్నాయని చూపించాడు. ఆ జీవిలో క్రోమోజోములు మరీ తక్కువ కాబట్టే అంత తేలిగ్గా లెక్కపెట్టగలిగాడు. మనిషిలో 46 అని తేలడానికి 1956 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా పుస్తకాల్లో 48 అనే ఉండేది.

సరే, తగ్గింపు కావాలి. మరి తగ్గింపు ఒక్కటే లక్ష్యమైతే, 46 క్రోమోజోముల్లోంచి ఏవో ఒక 23 ఇటు, మిగతా 23 అటు పోతే చాలు కదా? సంఖ్య సగమవుతుంది, తర్వాతి తరంలో మళ్లీ 46 అవుతుంది, పాఠ్యపుస్తకం నిర్వచనం అక్షరాలా నెరవేరుతుంది. ఇలా గుడ్డిగా పంచితే ఏమవుతుందో లెక్క కట్టి చూద్దాం. 46 అంటే 23 జతలు, ఒక్కో జతలో తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. 46లో 23ను ఎంచుకునే మార్గాలు 8 లక్షల కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో ప్రతి జత నుంచీ సరిగ్గా ఒక్కటే వచ్చే మార్గాలు 2ను 23 సార్లు గుణిస్తే వచ్చేన్ని, అంటే 83,88,608. ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే, సరైన పంపకం సుమారు 9,81,500 సార్లకు ఒక్కసారి జరుగుతుంది. మిగతా అన్నిసార్లూ 23 అనే అంకె సరిగ్గానే ఉంటుంది, ఆ బీజకణం మాత్రం పనికిరాదు. ఒకదాంట్లో 7వ క్రోమోజోము రెండుసార్లు ఉంటుంది, 12వది అసలే ఉండదు.

క్షయకరణ విభజన పరిష్కరిస్తున్న సమస్య ఇదీ. తల్లి ఇచ్చిన 1వ క్రోమోజోము ఒకటి, తండ్రి ఇచ్చిన 1వ క్రోమోజోము ఒకటి ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి, ఒక్కటే, బీజకణంలోకి రావాలి. 2వ జతలోనూ అంతే, చివరి జత దాకా అంతే. కణానికి లెక్కపెట్టడం రాదు. క్రోమోజోముల మీద అంకెలు రాసి ఉండవు. అయినా శుక్రకణాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా సరైన పంపకంతోనే తయారవుతాయి. దీనికి కణం ఎంచుకున్న దారి వింటే మొదట వింతగా అనిపిస్తుంది. విడదీయాల్సిన రెంటినీ ముందు గట్టిగా కలిపి కడుతుంది.

ఆ కట్టడం ఎలా జరుగుతుందో నిదానంగా చూడాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. విభజనకు ముందు ప్రతి క్రోమోజోమూ తన నకలు తీసుకుంటుంది. అసలు, నకలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. వీటిని సోదర క్రోమాటిడ్లు అంటారు. కొహెసిన్ అనే ప్రోటీన్ వలయాలు ఈ రెంటినీ పొడవునా చుట్టి పట్టుకుంటాయి. ఇక్కడి దాకా సమవిభజనకూ (శరీర కణాల్లో జరిగే మామూలు విభజనకూ) దీనికీ పెద్ద తేడా లేదు. తేడా మొదటి ప్రొఫేజ్‌లో, అంటే వరుసగా జరిగే రెండు విభజనల్లో మొదటిదాని ఆరంభ దశలో వస్తుంది. స్పో11 అనే ఎంజైమ్ డీఎన్ఏ రెండు పోగులనూ కావాలనే తెంపుతుంది. ఎలుక కణంలో ఇలాంటి తెంపులు 200కు పైగా పడతాయి. మామూలు కణానికి ఒక్క తెంపు పడితేనే ప్రమాదం. ఇక్కడ కణం తనంతట తానే వందల చోట్ల తెంపుకుంటోంది. ఎందుకంటే తెగిన కొస తనను బాగు చేసుకోవడానికి సరిపోలే వరుస కోసం వెతుకుతుంది, ఆ వెతుకులాటలో తన జతలోని రెండో క్రోమోజోమును చేరుకుంటుంది. సమజాత క్రోమోజోములు, అంటే ఒకే జతలోని రెండూ, ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ఇలాగే. కొన్ని జీవుల్లో ఈ పని వేరే పద్ధతుల్లో జరుగుతుంది కానీ, మనిషిలో, ఎలుకలో, ఈస్ట్‌లో దారి ఇదే.

జత కుదిరాక రెంటి మధ్య సినాప్టోనిమల్ కాంప్లెక్స్ అనే ప్రోటీన్ చట్రం నిచ్చెనలా అల్లుకుంటుంది. తెంపుల్లో ఎక్కువ భాగం ఏ మార్పిడీ లేకుండానే అతుక్కుపోతాయి. కొన్ని మాత్రం వినిమయాలవుతాయి, అంటే తల్లి వైపు ముక్క, తండ్రి వైపు ముక్క చోట్లు మార్చుకుంటాయి. మగవారి కణంలో ఇలాంటివి సుమారు 50, ఆడవారి కణంలో సుమారు 70. తర్వాత చట్రం కరిగిపోతుంది. వినిమయం జరిగిన చోట మాత్రం రెండు క్రోమోజోములూ ముడిపడే ఉంటాయి. దాన్నే కయాస్మా అంటారు.

వినిమయం అనగానే పుస్తకాలు వైవిధ్యం గురించి మాట్లాడతాయి. కొత్త జన్యు కలయికలు వస్తాయి, పరిణామానికి ముడిసరుకు దొరుకుతుంది అని. అది నిజమే. కానీ సంఖ్య స్థిరంగా ఉండే విషయంలో వినిమయానికి ఇంకా తక్షణమైన పని ఉంది. అది లేకపోతే జత నిలవదు, జత నిలవకపోతే పంపకం గుడ్డిదవుతుంది. వినిమయాన్నీ సంఖ్య స్థిరత్వాన్నీ రెండు వేర్వేరు "ప్రాముఖ్యతలు"గా ఒకదాని కింద ఒకటి రాయించడం నా దృష్టిలో ఈ పాఠానికి జరుగుతున్న పెద్ద నష్టం. మనిషిలో మొదటిది రెండోదానికి కారణం.

దీనికి ఎక్స్, వై క్రోమోజోములను మించిన సాక్ష్యం లేదు. ఎక్స్ పొడవు సుమారు 15.5 కోట్ల బేస్ జతలు (డీఎన్ఏ నిచ్చెనలో ఒక్కో మెట్టు ఒక బేస్ జత). వై అందులో సగం కూడా ఉండదు, పైగా చాలా భాగం ఎక్స్‌తో పోలదు. పోలిక ప్రధానంగా మిగిలింది పొట్టి భుజం కొసన, సుమారు 27 లక్షల బేస్ జతల మేర ఉన్న చిన్న ముక్కలో. శుక్రమాతృకణం, అంటే విభజన చెంది శుక్రకణాలనిచ్చే కణం, ప్రతిసారీ ఆ ఇరుకు చోటులోనే ఒక వినిమయం జరిపించుకోవాలి. అది జరగకపోతే ఎక్స్, వై ఒకదానికొకటి తెలియకుండా విడివిడిగా తిరుగుతాయి, రెండూ ఒకే వైపు పోవచ్చు. ఎక్స్, వై రెండూ ఉన్న శుక్రకణం మామూలు అండంతో కలిస్తే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, 47 క్రోమోజోములు, ఎక్స్‌ఎక్స్‌వై. రెండూ లేని శుక్రకణం కలిస్తే టర్నర్ సిండ్రోమ్, 45, ఒకే ఎక్స్. కొసన ఒక్క ముడి పడకపోతే ఇంత జరుగుతుంది.

ఇప్పుడు కట్టిన జతను కణం ఎలా వాడుకుంటుందో చూద్దాం. కణం రెండు కొసల (ధ్రువాల) నుంచి కండె పోగులనే సన్నని దారాలు వచ్చి, క్రోమోజోముకు నడుము లాంటి సెంట్రోమియర్ దగ్గరున్న కైనెటోకోర్‌లనే పట్టుచోట్లను పట్టుకుంటాయి. మొదటి విభజనలో సోదర క్రోమాటిడ్ల కైనెటోకోర్‌లు రెండూ ఒక్కటిగా కలిసి ఒకే ధ్రువం వైపు తిరుగుతాయి, జతలోని రెండో క్రోమోజోము అవతలి ధ్రువం వైపు తిరగాలి. ఇందులో ముందే నిర్ణయించిన దిక్కేమీ లేదు. పోగులు మొదట ఎటు పడితే అటు తగులుకుంటాయి. జతలోని రెండూ ఒకే ధ్రువానికి తగులుకోవడమూ మామూలే. తప్పేదో ఒప్పేదో తెలిపేది బిగువు. ఇద్దరు చెరోవైపు లాగితేనే తాడు బిగుస్తుంది, ఇద్దరూ ఒకే వైపు నిలబడి లాగితే వదులుగానే ఉంటుంది. జతలోని రెండూ ఎదురెదురు ధ్రువాలకు తగులుకుంటే మధ్యలోని కయాస్మా వాటిని విడిపోనివ్వదు, అందుకని లాగుడు బిగువుగా మారుతుంది. బిగువు ఉన్న పట్టు నిలుస్తుంది. వదులుగా ఉన్నది ఊడిపోయి మళ్లీ కొత్తగా తగులుకుంటుంది.

ఇది ఊహ కాదు. అమెరికా కణ శాస్త్రవేత్త బ్రూస్ నిక్లాస్ మిడతల శుక్రమాతృకణాల్లోకి సన్నని గాజు సూది దించి, ఒక్కో క్రోమోజోమును కదిపి చూశాడు. రెండూ ఒకే ధ్రువానికి తగులుకున్న జతను వదిలేస్తే ఆ పట్టు కొద్దిసేపట్లో ఊడిపోతుంది. అదే జతను సూదితో ధ్రువానికి ఎదురుదిశలో లాగి పట్టుకుంటే, తప్పు పట్టు అయినా ఊడకుండా నిలబడుతుంది. 1995లో ఆయన బృందం ఇంకో అడుగు వేసింది. గొల్లభామ పురుగు శుక్రమాతృకణంలో ఒక ఎక్స్ క్రోమోజోము జత దొరక్క ఒంటరిగా మిగిలిపోతే కణం విభజన మధ్యలో ఆగిపోతుంది, గంటలు గడిచాక నశిస్తుంది. ఆ ఒంటరి క్రోమోజోమును సూదితో లాగి బిగువు కల్పిస్తే, కణం అంతా సవ్యంగా ఉందనుకుని విభజనలోకి వెళ్లిపోయింది. కణం చూసేది అంకెను కాదు, బిగువును. ఇంతకన్నా తేటగా దాన్ని నిరూపించిన ప్రయోగం నాకు తెలియదు.

అన్ని జతలూ బిగువుగా నిలిచాక సెపరేజ్ అనే ఎంజైమ్ మేల్కొని కొహెసిన్ వలయాలను తెంపుతుంది. భుజాల పొడవునా ఉన్నవి తెగుతాయి, కయాస్మా ముడి విడుతుంది, జత విడిపోతుంది. సెంట్రోమియర్ దగ్గరివి మాత్రం తెగవు. షుగోషిన్ అనే ప్రోటీన్ అక్కడ కాపలా ఉంటుంది. ఈ మిగిలిన కొద్దిపాటి కొహెసిన్ వల్లే సోదర క్రోమాటిడ్లు రెండో విభజన దాకా కలిసుంటాయి. మధ్యలో డీఎన్ఏ నకలు మళ్లీ తీసుకోవడం జరగదు. రెండో విభజనలో కాపలా తొలగిపోతుంది, సోదరులు విడిపోతారు. ఒకే వలయాన్ని రెండు విడతల్లో తెంపడమే రెండు విభజనల రహస్యం.

విద్యార్థులు తడబడేది ఇక్కడే కాబట్టి లెక్క విడిగా చెబుతాను. క్రోమోజోములను సెంట్రోమియర్లతో లెక్కపెట్టాలి. నకలు తీశాక కూడా 46 క్రోమోజోములే, క్రోమాటిడ్లు 92. మొదటి విభజన తర్వాత కణానికి 23 క్రోమోజోములు, 46 క్రోమాటిడ్లు. రెండో విభజన తర్వాత 23 క్రోమోజోములు, ఒక్కోదానిలో ఒకే క్రోమాటిడ్. డీఎన్ఏ పరిమాణం మాత్రం వేరే దారిలో నడుస్తుంది: బీజకణంలో ఉండేదాన్ని 1 అనుకుంటే, 2 నుంచి 4కు పెరిగి, తర్వాత 2కు, చివరికి 1కి దిగుతుంది. మొదటి విభజన అయ్యేసరికి సంఖ్య సగమైపోయింది, డీఎన్ఏ మాత్రం ఇంకా సగానికి రాలేదు. "రెండు విభజనలు జరుగుతాయి కాబట్టి సంఖ్య పావు కావాలి కదా" అని అడిగే పిల్లవాడు తెలివైనవాడు. అతనికి ఈ రెండు వరుసలూ పక్కపక్కన రాసి చూపిస్తే చాలు.

తప్పు ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. మొదటి విభజనలో ఒక జత విడిపోకపోతే నాలుగు కణాలూ చెడతాయి, రెండింటిలో 24, రెండింటిలో 22. రెండో విభజనలో ఒక కణంలో సోదరులు విడిపోకపోతే రెండు కణాలు బాగుంటాయి, మిగతా రెండింటిలో ఒకటి 24, ఒకటి 22. డౌన్ సిండ్రోమ్‌కు 21వ క్రోమోజోము మూడుసార్లు ఉండటమే కారణమని 1959లో తేలింది. ఎక్కువ సందర్భాల్లో అదనపు క్రోమోజోము అండం నుంచే వస్తుంది, అందులోనూ మొదటి విభజన లోపాలే ఎక్కువ.

ఎందుకు అండం? ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే అండమాతృకణాలు మొదటి ప్రొఫేజ్‌లోకి వెళ్లి, వినిమయాలు పూర్తిచేసుకుని, అక్కడే ఆగిపోతాయి. విడుదలయ్యే ముందు గానీ మళ్లీ కదలవు. 40 ఏళ్ల స్త్రీలో ఈ నెల విడుదలైన అండం జతలను 40 ఏళ్లకు పైగా పట్టుకుని కూర్చుంది. ఎలుకల్లో చేసిన ప్రయోగాలు చెబుతున్నదాని ప్రకారం, ఆ పట్టుకు ఆధారమైన కొహెసిన్ పుట్టుకకు ముందు అమర్చిందే, తర్వాత కొత్తది వచ్చి చేరదు. ఏళ్లు గడిచేకొద్దీ వలయాలు రాలిపోతాయి, ముడి జారుతుంది, జత ముందే విడిపోతుంది. దానికి తోడు అండమాతృకణంలో బిగువును కనిపెట్టే కాపలా శుక్రమాతృకణంలో ఉన్నంత గట్టిది కాదు. ఒకటో రెండో క్రోమోజోములు సరిగ్గా నిలవకపోయినా విభజన సాగిపోతుంది. 25 ఏళ్ల తల్లులకు సుమారు 1,250 కాన్పుల్లో ఒక బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటే, 35కి అది 350లో ఒకటి, 40కి 100లో ఒకటి, 45కి 30లో ఒకటి అవుతుంది. ఇది ఆ తల్లి చేసిన పని వల్ల వచ్చిందీ కాదు, ఆమె జాగ్రత్త పడితే తప్పేదీ కాదు. ఈ మాట పాఠంలో గట్టిగా చెప్పాలి.

"సంఖ్య స్థిరంగా ఉంటుంది" అన్న వాక్యాన్ని కూడా కొంచెం సరిదిద్దాలి. తప్పులు అరుదు అనుకుంటాం, ఎందుకంటే పుట్టిన వారిలో అవి అరుదు. మొదటి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాల్లో దాదాపు సగానికి క్రోమోజోముల లోపాలే కారణం. గర్భస్రావాల్లో ఎక్కువగా కనిపించే 16వ క్రోమోజోము ట్రైసోమీ (రెండుకు బదులు మూడు ఉండటం), పిండమంతా అదే ఉంటే, కాన్పు దాకా రాదు. పుట్టేవరకు రాగలిగేవి ముఖ్యంగా 13, 18, 21, ఎందుకంటే లింగ క్రోమోజోములు కాని వాటిలో జన్యువులు అత్యల్పంగా ఉన్నవి అవే. అంటే జాతిలో సంఖ్య నిలవడానికి సగం కారణం సరైన పంపకమైతే, మిగతా సగం తప్పు పంపకాలు మొదట్లోనే ఆగిపోవడం.

అంకెనే పట్టుకుని కూర్చుంటే ఎంత పొరబడతామో చూపే ఉదాహరణలు వైద్యంలో ఉన్నాయి. 14, 21 క్రోమోజోముల పొడవు భుజాలు అతుక్కుపోయి ఒకటైన వ్యక్తికి 45 క్రోమోజోములే ఉంటాయి, ఆరోగ్యం మామూలుగా ఉంటుంది. అదే వ్యక్తి బిడ్డకు ఆ అతుకు క్రోమోజోముతో పాటు మామూలు 21లు రెండు, మామూలు 14 ఒకటి వస్తే మొత్తం సరిగ్గా 46, కానీ డౌన్ సిండ్రోమ్. సంపూర్ణ ముత్యాల గర్భం (కంప్లీట్ మోలార్ ప్రెగ్నెన్సీ) అనే అసాధారణ గర్భంలో కణాలకు సాధారణంగా 46 క్రోమోజోములే ఉంటాయి. అవన్నీ తండ్రివే, పిండం అసలు ఏర్పడదు. 1984లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలూ ఇదే చెప్పాయి: రెండు సెట్లూ తల్లివే అయినా, రెండూ తండ్రివే అయినా పిండం పెరగలేదు.

లెక్కను నిలిపే పనిలో ఫలదీకరణకూ వాటా ఉంది. ఒక అండంలోకి రెండు శుక్రకణాలు దూరితే 69 అవుతాయి. మొదటి శుక్రకణం చేరగానే అండం తన చుట్టూ ఉన్న పొరను మార్చేసి రెండోదాన్ని ఆపుతుంది. ఇంకో మాట. విడుదలైన అండం రెండో విభజన మధ్యలో మళ్లీ ఆగి ఉంటుంది, శుక్రకణం లోపలికి వచ్చాకే ఆ విభజన పూర్తయి రెండో ధ్రువ దేహం, అంటే అండం వదిలేసే చిన్న కణం, బయటపడుతుంది. కాబట్టి "ఏకస్థితిక (ఒకే సెట్ ఉన్న) అండం, ఏకస్థితిక శుక్రకణం కలుస్తాయి" అని బొమ్మ గీస్తాం కానీ, కలిసే క్షణానికి అండంలో పంపకం ఇంకా ముగియలేదు.

జత అనేదే అసలు విషయమని ఒప్పుకుంటే, విడివిడిగా బట్టీ పట్టే చాలా సంగతులు ఒక్క తాటి మీదికి వస్తాయి. గుర్రానికి 64, గాడిదకు 62, కంచర గాడిదకు 63. జతలు సరిగ్గా కుదరవు కాబట్టి దానికి సాధారణంగా పిల్లలు పుట్టవు. గింజలేని పుచ్చకాయ మొక్కలో 33 క్రోమోజోములు, పదకొండు రకాలు మూడేసి. ప్రతి మూడింటిలో రెండు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు పోతే, కణం సరిగ్గా 11తో గానీ 22తో గానీ తేలే అవకాశం 1,024లో ఒకటి. గింజలు కట్టకపోవడానికి కారణం అదే. రొట్టె గోధుమలో మూడు దగ్గరి జాతుల సెట్లు కలిసి 42 క్రోమోజోములు ఉన్నాయి. అయినా అది చక్కగా గింజ కడుతుంది, ఎందుకంటే పీహెచ్1 అనే జన్యు ప్రాంతం అసలైన జతలే కుదిరేలా చూస్తుంది.

మొక్కల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో సవరణ కూడా. "బీజకణాలు క్షయకరణ విభజన వల్ల ఏర్పడతాయి" అన్నది జంతువులకు సరిపోయే మాట. మొక్కల్లో క్షయకరణ విభజన వల్ల వచ్చేవి సిద్ధబీజాలు (స్పోర్లు). పూల మొక్కల్లో పుప్పొడి రేణువులోని పురుష బీజకణాలు, పిండకోశంలోని అండం ఆ తర్వాత జరిగే సమవిభజనల వల్ల వస్తాయి.

తేనెటీగల్లో మగ ఈగ ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పుడుతుంది. రాణికి 32 క్రోమోజోములుంటే దానికి 16 మాత్రమే. అది కూడా "సగం చేయాలి" అన్న నియమం పాటిస్తే శుక్రకణంలో 8 ఉండాలి, జాతి అంతటితో ఆగిపోవాలి. అలా జరగదు. మగ ఈగ శుక్రమాతృకణంలో మొదటి విభజన మొదలై, కేంద్రకం లేని చిన్న మొగ్గను విడిచి, అక్కడే ఆగిపోతుంది. శుక్రకణంలోకి మొత్తం 16 క్రోమోజోములూ వెళ్తాయి. విడదీయడానికి దాని దగ్గర జతలే లేవు.